మీకు తెలుసా? పొట్టే కదా అని ఊదేయకండి!

రంపం కింద రాలిన పొట్టు, రైసుమిల్లు వెనక గుట్టపడ్డ ఊక, కొబ్బరిచిప్ప, జీడితొక్క, కాఫీగింజ మీది పొర... ఇవి మెత్తగా నలిగి ప్లాస్టిక్కులోనో రబ్బరులోనో జిగురులోనో చేరితే ఏమేం తయారవుతాయో తెలుసుకోవడమంటే నాకు మహా ఇష్టం. ఏరి దాచుకున్నవాటిలో కొన్ని మీ ముందు కుమ్మరిస్తున్నాను. వరసా వావీ ఏమీ లేదు, ఎక్కడ మొదలుపెట్టి చదివినా ఒకటే!

★ మీ ఇంట్లో సన్‌మైకా అంటించిన బల్ల ఉందా? అందులో మైకా ఒక్క రవ్వ కూడా ఉండదు! గోధుమరంగు క్రాఫ్ట్ కాగితాలను ఫినాలిక్ రెసిన్ అనే గట్టిపడే జిగురులో ముంచి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన పూలదో చెక్క చారలదో ఓ అందమైన కాగితం పరిచి, వేడి మీద గట్టిగా అదిమితే వచ్చే పలక అది. అంటే మీరు అన్నం తినే బల్ల పైభాగం కాగితం!

★ మరి ఇలాంటి పలకల పేర్లలో మైకా ఎలా దూరింది? అమెరికాలో 1913లో మొదలైన ఫార్మైకా కంపెనీ ఇలాంటి పలకను కరెంటు పరికరాల్లో మైకాకు బదులుగా తయారుచేసింది కాబట్టి, 'మైకా స్థానంలో' అనే అర్థం వచ్చేట్టు 'ఫర్ మైకా' అని పేరు పెట్టింది. మన గూడూరు గనుల్లో దొరికే అభ్రకం ఉంది చూశారూ, మైకా అంటే అదే!

★ అంగారకుడి గాలిపొరలోకి గంటకు 21,000 కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్లిన నౌకను మాడిపోకుండా కాపాడింది ఏమిటో చెప్పుకోండి చూద్దాం! సీసా మూతలు చేసే కార్క్! 2016 అక్టోబరు 19న అక్కడికి చేరిన యూరప్ వారి స్కియాపరెల్లి నౌక ముందు కవచానికి కార్క్ పొడిని రెసిన్‌తో కలిపి చేసిన 90 పలకలు అతికించారు. అవి పైపైన కాలి బొగ్గవుతూ లోపలికి సెగ తగలనివ్వలేదు. ఆ తర్వాత నేలకు దిగేటప్పుడు లెక్క తప్పి నౌక కూలిపోయిందనుకోండి, కానీ అప్పటికే కార్క్ తన పని పూర్తిచేసింది.

★ ఒక ఘనపు సెంటీమీటరు కార్క్‌లో దాదాపు 4 కోట్ల గదులుంటాయి! ఆంధ్రప్రదేశ్ జనాభాకు మనిషికొకటి చొప్పున పంచితే ఇంకాస్త చాలవేమో గానీ, ప్రతి గదిలోనూ గాలి నిండి ఉండటం వల్లే అది నీటి మీద తేలుతుంది, వేడిని ఆపుతుంది.

★ ఎద్దు నెత్తురు, చెక్కపొట్టు కలిపితే ఏమొస్తుంది? నగిషీల సిరాబుడ్డి! 1855లో పారిస్‌లో లెపాజ్ అనే ఆయన ఎబొనీలాంటి నల్లచెక్క పొట్టులో కబేళా నెత్తురు కలిపి, ఎండబెట్టి, ఆవిరి వేడితో అచ్చుల్లో నొక్కి పేటెంటు పుచ్చుకున్నాడు. గుడ్డు ఉడికితే సొన గట్టిపడుతుంది కదా, నెత్తురులోని మాంసకృత్తు కూడా అలాగే గట్టిపడి పొట్టును పట్టి ఉంచేది. దాని పేరు 'బ్వా ద్యుర్సి', అంటే గట్టిపరచిన చెక్క. ప్రముఖుల ముఖాలు అచ్చొత్తిన బిళ్లలు ఈనాటికీ నిగనిగలాడుతూ మ్యూజియాల్లో కనిపిస్తాయి.

★ కొండపల్లి బొమ్మ చేతిలోకి తీసుకుంటే మీరు ఓ కాంపోజిట్‌ను, అంటే జిగురులో పొడో పీచో పొదిగిన మిశ్రమాన్ని, పట్టుకున్నట్టే! తెల్లపొణికి చెక్కతో విడివిడిగా చెక్కిన తలలను, చేతులను, తొండాలను ఒంటికి అతికేది మక్కుతో. మక్కు అంటే చింతపిక్కల పిండి, రంపపు పొట్టు కలిపి చేసిన ముద్ద. చింతపిక్కలోని జిగురు ప్రకృతి తయారుచేసిన పాలిమర్, అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువుల పదార్థం. పొట్టు అందులో ఇరుక్కుని, ఆరినప్పుడు ముద్ద కుంచించుకుపోకుండా, పగలకుండా కాస్తుంది. ఈ పని చేసే చేతులకు పాలిమర్ అన్న మాటతో అవసరమే పడలేదు!

★ సిద్దిపేట జిల్లా చేర్యాలలో ఇవే రెండు దినుసులు ముఖాలైపోతాయి! పొట్టూ చింతపిక్కల ముద్దా కలిపి మలిచిన చేర్యాల మాస్కు, ఎండాక మీసాలూ బొట్టూ దిద్దించుకుని గోడెక్కుతుంది.

★ ఇప్పుడు చిన్న లెక్క. ఒక సెంటీమీటరు పాచికకు ఆరు ముఖాలు, మొత్తం ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 10 నానోమీటర్ల పాచికలుగా తరిగేస్తే మొత్తం ఉపరితలం ఎంతవుతుంది? 600 చదరపు మీటర్లు! అంటే 700 గజాలు దాటిన ఇంటిస్థలం, మీ గుప్పిట్లో! ప్లాస్టిక్ రేణువును పట్టుకునేది ఉపరితలం దగ్గరే కాబట్టి, పొడి ఎంత మెత్తనైతే అంత పట్టు దొరుకుతుంది.

★ అయితే మరీ మెత్తని చెక్కపొడి బాంబులా పేలగలదు! గాలిలో మబ్బులా లేచిన పొడికి ఒక్క నిప్పురవ్వ తగిలితే చాలు, ప్రతి రేణువు చుట్టూ గాలి సిద్ధంగా ఉంటుంది కాబట్టి అన్నీ ఒక్కసారే భగ్గుమంటాయి.

★ ప్లాస్టిక్ పరిశ్రమలో చెక్కపొడిని 'చెక్కపిండి' అనే అర్థం వచ్చే ఇంగ్లిషు మాటతోనే పిలుస్తారు. పిండిలాగే జల్లిస్తారు కూడా! సాధారణంగా అంగుళానికి 40 నుంచి 100 కన్నాలున్న జల్లెడ పడతారు. 100 కన్నాల జల్లెడలోంచి దిగే రేణువు మిల్లీమీటరులో దాదాపు ఏడో వంతే.

★ చెక్కకు, ప్లాస్టిక్కుకు అసలు పడదు! చెక్క నీటిని ప్రేమిస్తుంది, పాలిప్రొపిలీన్‌లాంటి ప్లాస్టిక్ నూనెలా నీటికి దూరంగా జరుగుతుంది. మరి కాపురం ఎలా కుదురుతుంది? మాలెయిక్ ఎన్‌హైడ్రైడ్ అతికించిన ప్లాస్టిక్ కొంచెం, నూటికి రెండు మూడు పాళ్లు, కలుపుతారు. దాని ఒక కొస చెక్కను కరుచుకుంటుంది, రెండో కొస ప్లాస్టిక్‌లో కలిసిపోతుంది. అచ్చం పెళ్లిళ్ల పేరయ్యే!

★ ఇంకో చిక్కు: 200 డిగ్రీల సెల్సియస్ దాటితే చెక్కపొడి మాడటం మొదలవుతుంది. అందుకే అంతకన్నా తక్కువ వేడికే కరిగే పాలిథిలీన్, పాలిప్రొపిలీన్, పీవీసీలే దానికి జతగాళ్లు. మంచినీళ్ల సీసాలు చేసే పెట్ ప్లాస్టిక్ 250 డిగ్రీల దాకా కరగదు కాబట్టి సంబంధం బెడిసికొడుతుంది.

★ పొడిలో తడి మిగిలితే పలక పొంగిన పూరీలా అవుతుంది! యంత్రంలో వేడికి ఆ నీరు ఆవిరై లోపల బుడగలు కడుతుంది కాబట్టి, కలిపేముందు పొడిని నూటికి ఒక పాలు తడి కూడా లేకుండా ఆరబెడతారు.

★ గాజుపీచు బరువా, మొక్కపీచు బరువా? నీటికి 1 అనుకుంటే గాజు 2.5, చెక్క కణం గోడ 1.5 మాత్రమే! కార్ల కంపెనీలు మొక్కల వెంట పడటానికి ఈ తేడాయే కారణం. బరువు తగ్గితే పెట్రోలు మిగులుతుంది.

★ 100 కిలోల వడ్లు ఆడిస్తే 20 కిలోల ఊక, ఆ ఊక కాలిస్తే 4 కిలోల బూడిద, ఆ బూడిదలో మూడున్నర కిలోల దాకా సిలికా! ఇసుకలో ఉండే సిలికాయే ఇది. వరి వేళ్లు నీటితోపాటు తాగి గింజ పైతొడుగులో దాచుకుంటాయి. ఊక చేతికి గరగరలాడేది అందుకే.

★ ఆ బూడిదే కారు టైరవుతుంది! గుడ్‌ఇయర్ కంపెనీ ఊకబూడిద నుంచి తీసిన సిలికాను టైర్ల రబ్బరులో కలుపుతోంది. సిలికా కలిసిన టైరు తేలిగ్గా దొర్లుతుంది, తడిరోడ్డు మీదా పట్టు వదలదు.

★ అంతకుముందు 2001లో ఇదే కంపెనీ టైర్లలో మొక్కజొన్న పిండిపదార్థం కలిపింది! మామూలుగా వేసే నల్లమసి, సిలికాల్లో కొంత భాగానికి బదులు సన్నని స్టార్చ్ రేణువులు వేస్తే టైరు తేలికవుతుందని వాళ్ల లెక్క.

★ 1940లో హెన్రీ ఫోర్డ్ తన కారు డిక్కీ మూత మీద గొడ్డలి ఎత్తి కొట్టాడు! కోపంతో కాదు లెండి, సోయాబీన్‌తో చేసిన ప్లాస్టిక్ మూత సొట్ట పడదని పత్రికలవాళ్లకు చూపించడానికి. మరుసటి ఏడాది ఆగస్టు 13న ఒళ్లంతా ప్లాస్టిక్ పలకలున్న కారునే ప్రదర్శించాడు. దాని బరువు 900 కిలోలు, అప్పటి ఉక్కు కారుకన్నా మూడో వంతు తక్కువ! ఆ పలకల్లో ఏమేం ఎంతెంత కలిపారన్న పాళ్ల చీటీ మాత్రం ఎక్కడా మిగల్లేదు. నాకైతే ఇది ఎప్పుడు తలచుకున్నా ఉసూరుమంటుంది.

★ ఫోర్డ్ కంపెనీకి తాత నాటి ఆ పిచ్చి ఇంకా వదల్లేదు! 2010 నాటి ఫ్లెక్స్ కారులో సామాను పెట్టుకునే అరల ప్లాస్టిక్‌లో ఐదో వంతు గోధుమగడ్డి. 2014 ఎఫ్-150 ట్రక్కులో వైర్లను పట్టి ఉంచే భాగాల కోసం, మొదటి ఏడాదికే 20 టన్నుల వరిఊక కావాలని లెక్కగట్టారు.

★ హెడ్‌లైటు వెనక కాఫీ! కాఫీగింజలు వేయించేటప్పుడు ఊడిపోయే పలుచని పొరను మెక్‌డొనాల్డ్స్ నుంచి తీసుకుని, ప్లాస్టిక్‌లో కలిపి హెడ్‌లైటు గూళ్లు చేస్తామని 2019లో ఫోర్డ్ ప్రకటించింది. అవి మామూలువాటికన్నా 20 శాతం తేలిక.

★ దూదితో కారు చేస్తారా? 30 లక్షలకు పైగా చేశారు! తూర్పు జర్మనీలో 1957 నుంచి 1991 దాకా తయారైన ట్రబాంట్ కారు ఒంటి పలకలు సోవియట్ దేశం నుంచి వచ్చిన పత్తి వ్యర్థాన్ని ఫినాలిక్ రెసిన్‌లో కలిపి నొక్కినవి. ఉక్కురేకు కరువైన దేశం కనిపెట్టిన ఉపాయం అది. చిక్కేమిటంటే, కాల్చిన ఇటుక మళ్లీ మట్టిముద్ద కానట్టే ఆ పలక ఎంత వేడిచేసినా మళ్లీ కరగదు. కారు పాతబడ్డాక దాన్ని ఏం చేయాలో తోచక తల పట్టుకున్నారు.

★ గోంగూర చుట్టం బీఎండబ్ల్యూ కారెక్కింది! 2013లో వచ్చిన ఐ3 విద్యుత్ కారు తలుపుల లోపలి పలకల్లో కనిపించేది కెనాఫ్ నార, అంటే మన గోగునార. ఇది పొడి కాదు, పీచే. అయినా చెప్పకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే...

★ ...ఆ గోగునారకు ప్రపంచ వ్యాపారంలో ఉన్న పాత పేరు 'బిమ్లీ జూట్'! బిమ్లీపటం అంటే మన భీమునిపట్నమే. విశాఖ పక్కనున్న ఆ రేవు నుంచి ఓడలెక్కి వెళ్లిన నార, ఊరి పేరును కూడా వెంట తీసుకెళ్లింది.

★ బ్రేకు వేసినప్పుడల్లా మీరు జీడిపప్పుకు దండం పెట్టాలి! జీడిగింజ తొక్కలో ఉండే, చేతికి తగిలితే బొబ్బలెక్కించే నూనెను గట్టిపరచి, పొడిచేసి బ్రేక్ లైనింగుల్లో కలుపుతారు. ఎంత వేడెక్కినా బ్రేకు పట్టు సాఫీగా ఉండటానికి, కీచుమనకుండా ఉండటానికి అది పనికొస్తుంది. పలాస జీడిపప్పు పాయసంలోకి, తొక్క నూనె లారీ బ్రేకులోకి!

★ దోమలచుట్టలోనూ, ప్లాస్టిక్‌లోనూ ఉండే ఒకే దినుసు ఏది? కొబ్బరిచిప్ప పొడి! చుట్టలో అది నిదానంగా, సమంగా కాలుతుంది. ఫినాలిక్ అచ్చు సామానులో ధర తగ్గించి, పైభాగానికి నునుపు తెస్తుంది.

★ రంగుడబ్బా మూత తీసి ఉంచితే పైన మీగడలా తొడుకు కడుతుంది కదా? ఆ తొడుకు చూసి ఇంగ్లండు వాడు ఫ్రెడరిక్ వాల్టన్ గచ్చు మీద పరిచే లినోలియం కనిపెట్టి, 1863లో పేటెంటు పుచ్చుకున్నాడు. గాలి తగిలిన అవిసెనూనె చిక్కబడి పాలిమర్ అవుతుంది. అందులో కార్క్ పొడీ చెక్కపొడీ కలిపి గోనెగుడ్డ మీద పరిస్తే నడవడానికి మెత్తని నేల తయారు!

★ అవిసె మొక్క గింజ నేలయితే, నార విమానమైంది! రెండో ప్రపంచయుద్ధంలో అల్యూమినియం దొరకదేమోనన్న భయంతో బ్రిటన్‌లో అవిసెనారను ఫినాలిక్ రెసిన్‌లో ముంచి స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం మొండెం చేసి చూశారు.

★ మీ తాతయ్యగారి గ్రామఫోన్ ప్లేటులో పత్తి ఉంది! 78 ఆర్‌పీఎం ప్లేట్లు లక్కలో రాతిపొడి, నల్లమసి కలిపి చేసేవారు. అవి చీటికిమాటికి పగలకుండా కాస్త పత్తిపొడి కూడా వేసేవారు. ఘంటసాల తొలినాళ్ల పాటలన్నీ అలాంటి లక్క ప్లేట్ల మీదే ఇల్లిల్లూ తిరిగాయి.

★ మెలమైన్ పళ్లెం కింద పడినా పగలదెందుకు? అందులో దాదాపు మూడో వంతు చెక్కగుజ్జు నుంచి తీసిన తెల్లని సెల్యులోజ్ ఉంటుంది. ఒట్టి మెలమైన్ రెసిన్ అయితే గాజులా పెళుసు.

★ 'వెదురు కప్పు' అని అమ్మేదంతా వెదురు కాదు! చాలావాటిలో ఉన్నది మెలమైన్ రెసిన్‌లో కలిపిన వెదురుపొడి. వేడి కాఫీ పోస్తే మెలమైన్, ఫార్మల్డిహైడ్ పానీయంలోకి దిగే ప్రమాదం ఉంది కాబట్టి 2021లో యూరప్ దేశాలు వీటిని దుకాణాల నుంచి ఏరివేసే పని పెట్టుకున్నాయి. ఇది మాత్రం తమాషాకి చెప్పడం లేదు. కొనేముందు తిరగేసి, కింద ఏం రాసి ఉందో చదవండి.

★ పొట్టు కలిపితే మంచుగడ్డ కూడా సుత్తిదెబ్బకు ఆగుతుంది! 86 పాళ్ల నీటిలో 14 పాళ్ల పొట్టు కలిపి గడ్డకట్టించిన 'పైక్రీట్'తో 600 మీటర్ల పొడవైన విమానవాహక ఓడ కట్టాలని రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ ఆలోచించింది. మంచు పాలిమర్ కాదు, ఒప్పుకుంటాను! కానీ సూత్రం ఒకటే: పగులు సాగుతూ వచ్చి పొట్టు రేణువుకు తగిలి ఆగిపోతుంది. పిల్లలూ, రెండు గిన్నెలు తీసుకుని ఒకదాంట్లో ఒట్టి నీళ్లు, ఇంకోదాంట్లో పొట్టు కలిపిన నీళ్లు ఫ్రీజర్‌లో పెట్టండి. ఏది ముందు కరుగుతుందో, ఏది ముందు పగులుతుందో మీరే చూడండి!

★ చెక్కపొడితో అచ్చువేసిన ఇల్లు! 2022 నవంబరులో అమెరికాలోని మెయిన్ విశ్వవిద్యాలయం చెక్కపొడీ మొక్కల నుంచి తీసిన రెసినూ కలిపి, 600 చదరపు అడుగుల ఇంటిని గచ్చు, గోడలు, కప్పుతో సహా త్రీడీ ప్రింటరులో అచ్చువేసింది. ఇల్లు నాలుగు ముక్కలుగా వచ్చింది. తెచ్చి జోడించడానికి పట్టింది పూటే!

★ చెక్కపొడి కలిసిన త్రీడీ ప్రింటింగ్ తీగతో దోశలు వేసినట్టే రంగు మార్చొచ్చు! ప్రింటరు మూతి వేడి పెంచితే చెక్కపొడి కాస్త మాడి ముదురు గోధుమరంగు వస్తుంది, తగ్గిస్తే లేతరంగు. అలా మార్చుకుంటూ పోతే చెట్టు వయసు చెప్పే వలయాలు కూడా అచ్చులో దిగుతాయి. పని జరుగుతున్నంతసేపూ గదంతా వడ్రంగి కొట్టు వాసన!

★ సెల్యులోజ్‌ను ఇంకా ఇంకా సన్నగా చీల్చుకుంటూ పోతే ఉక్కులో ఐదో వంతు బరువు, ఐదు రెట్ల బలం! ఈ నానో పోగు వెంట్రుకలో కొన్ని వేల వంతుల సన్నం. 2018లో జపాన్ ఆసిక్స్ కంపెనీ దీన్ని పరుగు బూట్ల అడుగు స్పాంజిలో కలిపింది.

★ 2019లో టోక్యో మోటార్ షోలో ఆ పోగుతోనే కారొచ్చి నిలబడింది! క్యోటో విశ్వవిద్యాలయం ముందుండి నడిపిన 22 సంస్థలు బంపర్ల దగ్గర్నుంచి తలుపుల దాకా వీలైన చోటల్లా నానో సెల్యులోజ్ వాడి, బరువు పది శాతానికి పైగా తగ్గించాయి.

★ ఇంతకీ ఈ విద్య మనిషి ఎవరి దగ్గర నేర్చాడు? చెట్టే అసలైన కాంపోజిట్! సెల్యులోజ్ పోగులను లిగ్నిన్ అనే జిగురులో పొదిగి కట్టుకున్నదే చెక్క. నీళ్లు, గాలి, ఎండలతోనే దాదాపు ఒళ్లంతా కట్టేసుకుంటుంది.

★ ప్రపంచపు మొట్టమొదటి పూర్తి కృత్రిమ ప్లాస్టిక్ బేకలైట్ గుండెలో కూడా చెక్కే! 1907లో లియో బేక్‌లాండ్ తయారుచేసిన ఆ రెసిన్ ఒంటరిగా ఉంటే పెళుసు. చెక్కపొడి దండిగా కలిపాకే నల్ల టెలిఫోన్లు, గుండ్రటి స్విచ్చులు, రేడియో పెట్టెలు అయ్యింది. 1916లో రోల్స్ రాయిస్ కారు గేరు పిడి ఈ మిశ్రమంతోనే చేశారు.

★ ఆఖరిగా ఒక ప్రశ్న. ఈ పొద్దున పప్పు ఉడికి, మూడు విజిళ్లు వచ్చాక, సలసలలాడే కుక్కర్‌ను పొయ్యి మీంచి దించారు కదా? చెయ్యి కాలకుండా మీరు పట్టుకున్న ఆ నల్ల పిడిలో ఏముందో ఇప్పుడు చెప్పండి!